సిక్కుల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు, సంవత్సరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా తిరగరాయమంటున్నాను. మొదటి పేరాలో కత్తి, రెండో పేరాలో యుద్ధం, మూడో పేరాలో బలిదానం. గురు నానక్ వచ్చేసరికి సగం వ్యాసం అయిపోయింది. ఆ వీరత్వం నిజమే. కానీ అది దేనికోసమో చెప్పకపోతే పాఠకుడికి మిగిలేది తలపాగా, గడ్డం, కత్తి ఉన్న బొమ్మ మాత్రమే. ఆ బొమ్మ అతని మనసులో ఎప్పటి నుంచో ఉంది. దానికి నీ వ్యాసం అక్కర్లేదు.

భోజనాల పంక్తితో మొదలుపెట్టు. 1469లో తల్వండీలో, అంటే ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న నన్‌కానా సాహిబ్‌లో పుట్టిన నానక్, దేశాలన్నీ తిరిగివచ్చాక కర్తార్‌పూర్‌లో సేద్యం చేసుకుంటూ బతికారు. దేవుడు ఒక్కడే, ఆయనకు భయం లేదు, ఎవరిమీదా పగ లేదు అన్నారు. ఆయన పేరు తలచుకోవడం, కష్టపడి సంపాదించడం, ఉన్నది పంచుకుని తినడం: ఈ మూడు పనులకూ ఇల్లు విడిచి అడవికి పోనక్కర్లేదు. మూడో గురువు అమర్‌దాస్, తన దర్శనానికి వచ్చేవారు ముందు లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాలలో, అందరితో పాటు నేలమీద కూర్చుని తినాలని నియమం పెట్టారు. సహపంక్తి భోజనం కోసం ఎన్ని పోరాటాలు జరిగాయో తెలిసిన మనకు ఆ నియమం బరువు ఇట్టే అర్థమవుతుంది.

1699 వైశాఖి పండుగనాటి సంగతి గురించి నువ్వు నాలుగు వాక్యాలే రాశావు. అక్కడ ఆగాలి. ఆనంద్‌పూర్‌లో పదో గురువు గోవింద్ సింగ్ ఖడ్గం దూసి ఒక తల కావాలని అడగడం, ఒకరి తర్వాత ఒకరుగా అయిదుగురు లేవడం అందరూ రాస్తారు. ఇనుప పాత్రలో నీళ్లు పోసి, బతాసాలు అనే చక్కెర బిళ్లలు కలిపి, రెండంచుల ఖడ్గంతో తిప్పుతూ కీర్తనలు చదివి ఆ అయిదుగురికీ అమృతం ఇచ్చారు. తర్వాత తానే వాళ్ల ముందు చేతులు జోడించి, నాకూ ఇవ్వండి అని అడిగారు. గురువు శిష్యుల దగ్గర దీక్ష తీసుకున్నాడు! నీ వ్యాసానికి గుండెకాయ అదే. ఆ అయిదుగురిలో పూరీ నుంచి వచ్చిన నీళ్లు మోసే హిమ్మత్ ఉన్నాడు, మన పక్కనే ఉన్న బీదర్ నుంచి వెళ్లిన సాహిబ్ ఉన్నాడు. సాహిబ్‌ది క్షౌరవృత్తి అని సంప్రదాయం చెబుతుంది. వెంట్రుకలు కత్తిరించి బతికిన ఇంటివాడు, వెంట్రుకకు కత్తెర తగలనివ్వని ఖాల్సాలో, అంటే అమృత దీక్ష తీసుకున్న సిక్కుల సంఘంలో, మొదటి అయిదుగురిలో ఒకడయ్యాడు.

పంచ కకారాలను, అంటే 'క' అక్షరంతో పేర్లు మొదలయ్యే అయిదు గుర్తులను, జాబితాలా పేర్చావు. కేశాలు పెంచడం ఒక్కటే అయితే సన్యాసి జటలూ అంతే. వాటి పక్కన కంఘా అనే చెక్క దువ్వెన ఉంది. తలపాగా కింద జుట్టుముడిలోనే దాన్ని దోపుకుంటారు, రోజూ చిక్కు తీసుకుంటారు. సంసారంలో ఉంటూ శుభ్రంగా బతకడం అందులో ఉంది. కడియం బంగారంది కాదు, ఇనుముదో ఉక్కుదో. కచ్ఛెరా అనే లోపలి నిక్కరు నిగ్రహానికి, కిర్పాణ్ అనే కత్తి బలహీనులను కాపాడే బాధ్యతకు. అమృతం తీసుకున్నవారికే ఈ అయిదూ తప్పనిసరి అని కూడా రాయి. సిక్కులంతా ఒకే తీరుగా ఉండరు. కులం పూర్తిగా పోయిందని మాత్రం రాయకు. పంజాబ్ పల్లెల్లో అది ఇంకా ఉందని సిక్కులే బాధపడతారు.

1675లో ఢిల్లీలో ఔరంగజేబు పాలనలో జరిగిన తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ శిరచ్ఛేదం గురించి రాసేటప్పుడు నీ కలం ఒక మతం మీద కోపంగా మారింది. 1604లో అయిదో గురువు అర్జన్ కూర్చిన సిక్కుల పవిత్ర గ్రంథంలో కబీర్, రవిదాస్, నామ్‌దేవ్‌లతో పాటు ముస్లిం సూఫీ షేక్ ఫరీద్ పద్యాలూ ఉన్నాయి. ఆ గ్రంథాన్ని పూజించేవాళ్ల కథ చెబుతూ ద్వేషం నాటడం వాళ్లకు అన్యాయం.

అన్నిటికీ దూరం వెళ్లనక్కర్లేదు. బాసరకు ఎగువన అదే గోదావరి ఒడ్డున నాందేడ్ ఉంది. 1708లో పదో గురువు అక్కడే, ఇక మీదట గ్రంథమే గురువు అని చెప్పి కన్నుమూశారు. హైదరాబాద్ అత్తాపూర్ దగ్గర సిక్ ఛావనీ ఉంది. పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకు వచ్చిన సైనికుల వారసులు అక్కడ ఉంటున్నారు. గురుద్వారాకు ఒక సాయంత్రం వెళ్లు. తల కప్పుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి పో. రాత్రి గ్రంథాన్ని తలమీద పెట్టుకుని పడకగదికి తీసుకెళ్లే సుఖాసన్ చూడు. లంగర్‌లో తిని ఊరికే రాకు, గిన్నెలు తోము. ఫోటోకు ముందు అడుగు.

తిరగరాశాక నాకు పంపే ముందు ఛావనీలో ఎవరైనా పెద్దాయనకు చదివి వినిపించు. ఆయన కాదన్న వాక్యం ఎంత అందంగా వచ్చినా కొట్టెయ్.