మర్రిచెట్టు ఉండనివ్వండి, పందుల పాక జరపండి

ప్రశ్న: మా మామిడితోట గట్టున ఉన్న మర్రిచెట్టుకు వందల కొద్దీ గబ్బిలాలు వేలాడుతున్నాయి. పక్కనే పందుల పాక. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు పందులకే వేస్తున్నాం. గబ్బిలాల నుంచి నిఫా వైరస్ జబ్బు వస్తుందని, చెట్టు కొట్టేయమని ఊళ్లో ఒకటే గొడవ. ఏం చేయాలి?
– ఒక రైతు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెట్టు జోలికి వెళ్లకండి. పందులకు ఆ పండ్లు వేయడం మాత్రం ఈ రోజే ఆపేయండి.

మీ ఉత్తరం చదవగానే మలేసియా గుర్తొచ్చి భయమేసింది. 1998లో అక్కడ పందుల షెడ్ల పక్కనే మామిడి చెట్లు ఉండేవి. గబ్బిలాలు సగం తిని వదిలేసిన పండ్లు షెడ్లలో పడ్డాయి. పందులకు, వాటి నుంచి పెంపకందారులకు నిఫా సోకింది. వంద మందికి పైగా చనిపోయారు. దాదాపు పది లక్షల పందులను చంపేశారు.

ప్రతి గబ్బిలంలోనూ వైరస్ ఉండదు. ఉన్నా అన్నివేళలా బయటికి రాదు. నిఫాకు దగ్గరి చుట్టమైన హెండ్రా వైరస్ ఆస్ట్రేలియాలో గబ్బిలాల నుంచి గుర్రాలకు సోకుతుంది; దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. అడవులు తరిగి, చలికాలంలో పూలు దొరక్క గబ్బిలాలు పొలాల మీద పడిన కాలంలోనే ఆ వైరస్ ఎక్కువగా గుర్రాలకు చేరింది. మన ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో మీరు కళ్లారా చూశారు. గూడు పోయిన జీవి ఇంకో చెట్టు వెతుక్కోక ఏం చేస్తుంది? ఇప్పుడు మర్రి కొట్టినా, టపాసులు కాల్చినా అవి బెదిరి నాలుగు తోటల్లోకి చెదిరిపోతాయి. పైగా ఇప్ప గింజలను దూరదూరాలకు చేరవేసేది ఇవే.

పాకను మర్రి, మామిడి కొమ్మలకు బాగా దూరంగా జరపండి. నీళ్ల తొట్టికి మూత పెట్టండి. రాలిన పండ్లను చేతులకు తొడుగులు వేసుకుని ఏరి, గొయ్యి తీసి పూడ్చండి. పందులు కుక్క మొరిగినట్టు దగ్గుతున్నా, ఒగరుస్తున్నా అమ్మకండి, కోయకండి. వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ వైపు ఈత నీరా తాగుతారు కదా. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత నీరా వల్లే చాలామందికి నిఫా వచ్చింది. రాత్రిపూట గబ్బిలాలు చెట్టుకు పెట్టిన గీత (కోత) దగ్గర వాలి, కారే రసం నాకి, అక్కడే మూత్రం పోయడం కెమెరాల్లో దొరికింది. గీతనూ ముంతనూ కప్పేలా వెదురు తడిక కట్టించండి. తడిక కట్టినా సరే, పచ్చిది తాగకండి, బాగా మరిగించాకే తాగండి.