ఎక్స్ అంటే ఏమిటో ముందు రాసుకో

చి. చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. సమీకరణం ఇస్తే చకచకా చేసేస్తావనీ, అదే లెక్క మాటల్లో ఇస్తే పెన్ను కదలదనీ మీ అమ్మ చెప్పింది. నీకు బీజగణితం రాక కాదమ్మా. చదివీ చదవగానే సమీకరణం రాసేయాలన్న తొందర, అంతే.

ముందు ఒక వాక్యం రాయి. 'ఎక్స్ = నీళ్లు' అని కాదు, 'ఎక్స్ = మోటారు వేశాక గడిచిన నిమిషాలు' అని. యూనిట్ లేకుండా ఎక్స్‌ని కాగితం మీద పెట్టకు.

1000 లీటర్ల ట్యాంకులో ఇప్పటికే 120 లీటర్లు ఉన్నాయనుకో. మోటారు నిమిషానికి 15 లీటర్లు పోస్తోంది. అదే సమయంలో కుళాయిలోంచి నిమిషానికి 4 లీటర్లు పోతున్నాయి. ఎప్పటికి నిండుతుంది? లెక్కలో ఒక్కసారే వచ్చేది ఏది, నిమిషనిమిషానికీ వచ్చేది ఏది అని విడదీయి. 120 ఒక్కసారే. 15లోంచి 4 పోగా మిగిలిన 11 మాత్రం ప్రతి నిమిషం. 120 + 11 ఎక్స్ = 1000. ఎక్స్ విలువ 80. గ్రాఫ్ గీస్తే 120 దగ్గర గీత మొదలవుతుంది, 11 దాని వాలు. పాఠంలో బట్టీ పట్టిన మాటలకు అర్థం ఇదే.

ఇప్పుడు సరిచూడు. సమీకరణంలో కాదు, లెక్క ఇచ్చిన మాటల్లో. సమీకరణమే తప్పు రాస్తే అది తన తప్పు జవాబును తానే ఒప్పేసుకుంటుంది! 80 నిమిషాల్లో మోటారు పోసింది 1200, కుళాయిలో పోయింది 320. ముందున్న 120 కలిపితే సరిగ్గా 1000.

తెలియనివి రెండుంటే రెండు వేర్వేరు సంగతులు కావాలి. 10 శాతం, 30 శాతం ఆమ్ల ద్రావణాలు కలిపి 15 శాతంది 20 లీటర్లు చేయాలి. ఎక్స్ = 10 శాతం ద్రావణం ఎన్ని లీటర్లో, వై = 30 శాతంది ఎన్ని లీటర్లో. మొత్తం ద్రావణం గురించి ఒకటి: ఎక్స్ + వై = 20. అందులోని ఆమ్లం (20 లీటర్లలో 15 శాతం, అంటే 3 లీటర్లు) గురించి ఇంకొకటి: 0.1 ఎక్స్ + 0.3 వై = 3. సాధించే ముందే ఉజ్జాయింపుగా ఆలోచించు. 15 అనేది 10కి దగ్గర కాబట్టి పలచటిదే ఎక్కువ పడాలి. జవాబులు 15, 5. తారుమారై వస్తే అక్కడే పట్టేస్తావు.

130 మందికి 40 సీట్ల బస్సులు ఎన్ని అంటే లెక్క 3.25 అంటుంది. నువ్వు 4 అని రాయాలి.

ఇంకొకటి, ఇది పుస్తకాల్లో పెద్దగా చెప్పరు. అన్నిటికీ సరళరేఖ పనికిరాదు. అదే ట్యాంకుకు అడుగున చిల్లు పడిందనుకో, మట్టం తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి ధార సన్నబడుతుంది. మొదటి నిమిషంలో పోయినన్ని నీళ్లు పదో నిమిషంలో పోవు. అక్కడ 'నిమిషానికి ఇన్ని లీటర్లు' అని రాసుకున్నావో, ట్యాంకు నువ్వు చెప్పిన టైముకి ఖాళీ అవదు.

ఇట్లు,
పెదనాన్న