నిండుగా ఉన్న నెలను చూసి అప్పు చేయకండి

ప్రశ్న: మాది హనుమకొండ వడ్డేపల్లి. కిరాయి ఇంట్లో ప్లేస్కూల్ నడుపుతున్న. 45 మంది పిల్లలు, నెలకు తలా 1,800 ఫీజు. కిరాయి 18,000, ఇద్దరు టీచర్లకు 20,000, ఇద్దరు ఆయమ్మలకు 15,000, కరెంటు, నీళ్లు, తినుబండారాలు, బొమ్మలు అన్నీ కలిపి 9,000 పోతయి. నెలకు 19,000 మిగులుతది. మా ఆయనకు 22,000 జీతం, ఇంటి ఖర్చు 26,000. కరోనాల బడి ఏడాదిన్నర మూతపడితే రోజూ వసూలు చేసే గిరిగిరి అప్పు తీసుకున్న, ఆరు తులాల బంగారం కుదువ పెట్టిన. గిరిగిరి తీరింది. బంగారం మీద ఇంకా 2,40,000 ఉంది, రూపాయిన్నర మిత్తి, ఏటా తిరగరాయిస్తున్న. టెక్సాస్‌ల మా ఆడబిడ్డ పనిచేసే డే కేర్‌కు అప్పుడు కిరాయికి, జీతాలకు ప్రభుత్వమే పైసలిచ్చిందట. మాకు బియ్యం కూడా రాలే. ఇప్పుడు కాజీపేటల రెండో శాఖ పెడదామంటే తెలిసినాయన రెండు రూపాయల మిత్తికి 6 లక్షలు ఇస్తనంటున్నడు. ఆపదకు 2 లక్షల చిట్టీ ఉంది. నెలకు 5,000, 40 నెలల్లో 22 కట్టిన, ఇంకా ఎత్తలేదు. అప్పు తీసుకోవచ్చా? మళ్లీ అసొంటి రోగమొస్తే కార్పొరేషనో సర్కారో ఆదుకుంటదా?

జవాబు: తీసుకోవద్దమ్మా. ఆ 6 లక్షల మాట ఇంతటితో ఆపేయండి. మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. బడి, ట్యూషన్, కుట్టు సెంటర్, ఏది నడిపేవారైనా నిండుగా ఉన్న నెలను పన్నెండుతో గుణించి ఏడాది ఆదాయం అనుకుంటారు. ఆ లెక్క మీదే అప్పుకు వెళ్తారు. మీరూ అదే చేశారు.

మీకు ఫీజు వచ్చేది పది నెలలే. ఏప్రిల్ చివర మూతపడిన బడి జూన్ రెండో వారం దాకా తెరుచుకోదు. టీచర్లకు, ఆయమ్మలకు కూడా పది నెలల జీతమే ఇస్తారనుకుందాం. కిరాయి మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. పది నెలల ఫీజు 8,10,000. అందులో కిరాయి 2,16,000, జీతాలు 3,50,000, మిగతా ఖర్చులు 90,000 తీసేస్తే ఏడాదికి మిగిలేది 1,54,000. నెలకు 12,833. మీరు రాసిన 19,000 ఇందులో లేదు. మీ ఆయన జీతం కలిపితే ఇంటికి వచ్చేది 34,833. ఇంటి ఖర్చు 26,000, చిట్టీ 5,000, బంగారం మిత్తి 3,600 కలిపితే 34,600. అంటే నెలాఖరుకు మీ చేతిలో ఉండేది 233 రూపాయలు. దసరాకు పిల్లలకు బట్టలు కొన్నా ఆ నెల లోటే.

ఇక కాజీపేట. మొదటి ఏడాది 25 మంది చేరినా మంచి మాటే. పది నెలల ఫీజు 4,50,000. కిరాయి 15,000 చొప్పున ఏడాదికి 1,80,000, ఒక టీచరు, ఇద్దరు ఆయమ్మలకు పది నెలలకు 2,50,000, ఇతర ఖర్చులు 60,000. మిత్తి లెక్కలోకి రాకముందే 40,000 నష్టం. రెండు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగా ఉంటుంది కానీ ఏడాదికి నూటికి 24. 6 లక్షల మీద నెలకు 12,000, ఏడాదికి 1,44,000. మొత్తం లోటు 1,84,000. వడ్డేపల్లి బడి సంపాదించే 1,54,000 మొత్తం అందులో పోయి, ఇంకా 30,000 ఇంట్లోంచి తేవాలి. ఇంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

తెలిసినాయన మంచివాడే కావచ్చు. కానీ 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు ఆరు నెలల మారటోరియం ఇచ్చినప్పుడు అది బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకే వర్తించింది. అక్కడా వాయిదాలు ఆగాయి తప్ప మిత్తి ఆగలేదు. చేబదులుకు, గిరిగిరికి ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. ఆ రోజులు పడ్డవారు మళ్లీ అదే తలుపు తట్టడం నాకు మింగుడుపడటం లేదు.

సర్కారు సాయం గురించి అడిగారు. 2020 ఏప్రిల్‌లో ఆహార భద్రతా కార్డు ఉన్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చారు. అది కుటుంబాలకు అందిన సాయం, బడులకు కాదు. 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి. విద్యాశాఖ రికార్డులో లేని ప్లేస్కూల్ ఆ జాబితాలోకి రాదు. వచ్చినా అది సిబ్బంది చేతికే అందేది, మీ ఇంటి ఓనరుకు కట్టే కిరాయికి కాదు. కేంద్రం 2020 మేలో తెచ్చిన గ్యారంటీ రుణం కూడా అప్పటికే బ్యాంకు బాకీ ఉన్న వ్యాపారాలకే. ఆ ఫిబ్రవరి 29 నాటి బాకీలో నూటికి 20 వంతు ఇచ్చారు. బ్యాంకులో ఖాతా తప్ప అప్పు లేని మీలాంటివారికి అందులో చోటు లేదు.

చిన్న పిల్లలకు అప్పుడు ప్రభుత్వం నుంచి అందినదంతా అంగన్‌వాడీల ద్వారానే. కేంద్రాలు మూసినా బాలామృతం, గుడ్లు, బియ్యం, పప్పు ఇళ్లకు చేర్చారు. చదువు సంగతికొస్తే, 2020 సెప్టెంబరు 1న టీవీలో మొదలైన డిజిటల్ పాఠాలు మూడో తరగతి నుంచే. అంగన్‌వాడీలను నడిపేది మహిళా శిశు సంక్షేమ శాఖ. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌తో మీకుండే సంబంధం ట్రేడ్ లైసెన్సు, ఇంటి పన్ను, చెత్త బండి వరకే. ప్రైవేటు ప్లేస్కూల్ కిరాయి కట్టే పద్దు కార్పొరేషన్ దగ్గర లేదు. ఉంటుందన్న ఆశ మీద ఇల్లు నడపకండి.

మీ ఆడబిడ్డ చెప్పింది నిజమే. అమెరికాలో 2021 చట్టం కింద చైల్డ్ కేర్ సెంటర్లు నిలబడడానికి 2,400 కోట్ల డాలర్లు కేటాయించి, రాష్ట్రాల ద్వారా పంచారు. కిరాయికి, జీతాలకు వాడుకోనిచ్చారు. మన దగ్గరా మూడేళ్ల పిల్లల చదువును అంత పట్టించుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. కానీ అక్కడ కూడా లైసెన్సో, రిజిస్ట్రేషనో ఉన్న సెంటర్లకే ఇచ్చారన్నది గమనించండి. అందుకే కాగితాలు సరిచేసుకోండి. ట్రేడ్ లైసెన్సు ఏటా రెన్యువల్ చేయించండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు పైసా ఇవ్వకండి. బడి పేర వేరే బ్యాంకు ఖాతా తెరిచి ఫీజులు అందులోకే తీసుకోండి, జీతాలు అందులోంచే ఇవ్వండి. హాజరు పట్టిక, రసీదు పుస్తకం దాచండి. రేపు ఏ సాయం వచ్చినా మొదట అడిగేవి ఇవే.

ఇప్పుడు అసలు సంగతి. మీకు అత్యవసర నిధి లేదు. చిట్టీని నిధి అనుకోవడం వరంగల్ చుట్టుపక్కల ఇంటింటా కనిపించే పొరపాటు. పాట పాడాలి, దక్కాలి, జమానతుదారుల్ని తేవాలి, వాళ్ల జీతం కాగితాలు ఇవ్వాలి, ఆ తర్వాత చెక్కు కోసం తిరగాలి. పైగా అందరికీ ఒకేసారి పైసలు అవసరమైన నెలలో పాట లోతుకు పోతుంది, చేతికి వచ్చేది తగ్గుతుంది. 2020 ఏప్రిల్‌లో ఆఫీసులే తెరవని రోజుల్లో పాట పెట్టేదెవరు? నిధి అంటే అడిగిన మర్నాడు ఎవరి సంతకం లేకుండా చేతికి రావాలి.

ఎంత ఉండాలి? బడి మూతపడ్డా తప్పని ఖర్చు తీయండి. కిరాయి 18,000, సిబ్బంది చెదిరిపోకుండా సగం జీతాలు 17,500, కరెంటు, నీళ్లు 1,500. నెలకు 37,000. ఆరు నెలలకు 2,22,000. ఇంటికి మరో మూడు నెలల ఖర్చు 78,000. మొత్తం 3 లక్షలు. అప్పుడు బడి ఏడాదిన్నర మూతపడింది కదా, ఆరు నెలలు ఏం సరిపోతాయంటారు. నిజమే, సరిపోవు. 2020 మార్చి మధ్యలో మూసిన బడుల్లో 2021 ఫిబ్రవరిలో తెరిచింది ఆరో తరగతి నుంచి పైవారికే. మార్చి 24న అవీ మళ్లీ మూశారు. చిన్న పిల్లల వంతు సెప్టెంబరు 1న గానీ రాలేదు. చిన్నపిల్లల బడి అన్నిటికన్నా చివర తెరుచుకుంటుంది. ఇప్పటి కిరాయి లెక్కన ఆ 17 నెలలకు కిరాయే 3,06,000. ఆరు నెలల నిధి చేసే పని వేరే. ఇల్లు ఖాళీ చేయాలా, ఓనరుతో బేరమాడాలా, వేరే పని చూసుకోవాలా అని నిదానంగా తేల్చుకునే వ్యవధి ఇస్తుంది. మూడో నెల దాటినా తెరిచే సూచన లేకపోతే ఖాళీ చేసి, బల్లలు, బొమ్మలు ఇంట్లో పెట్టుకోవాలి. 2020లో మీకు ఆ వ్యవధి లేకే మొదట గిరిగిరికి, తర్వాత బంగారానికి పోయారు.

పైసలు ఎక్కడివంటారా? వచ్చే నెలల్లో పాట తక్కువగా పోయే రోజు చూసి చిట్టీ ఎత్తండి. 1,60,000 దాకా వస్తే అందులో 1,11,000ను మూడు ఎఫ్‌డీలుగా, ఒక్కోటి 37,000 చొప్పున, బడి ఖాతా లేని వేరే బ్యాంకులో వేయండి. ఒక ఎఫ్‌డీ ఒక మూత నెల. అవసరమైనప్పుడు ఒక్కటే విరుగుతుంది, మిగతావి కదలవు. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే కలపకండి. మిగిలిన 49,000 బంగారం అసలుకు కట్టి, 1,91,000 బాకీని రూపాయి లోపు మిత్తికి ఇచ్చే బ్యాంకుకు మార్చండి. మిత్తి నెలకు 1,910 దాటదు. బంగారం ధర పెరిగింది, అదే నగ మీద ఇంకా ఇస్తామని ఫైనాన్స్ వాళ్లు ఫోన్ చేస్తారు. వద్దని పెట్టేయండి. చిట్టీ ఎత్తినా మిగిలిన 18 వాయిదాలు కట్టాల్సిందేనని మరవకండి.

మిగతా నిధికి రెండో శాఖ అక్కర్లేదు, ఉన్న ఇంట్లోనే దారి ఉంది. మధ్యాహ్నం బడి వదిలాక ఆ గదులు ఖాళీగానే ఉంటాయి, కిరాయి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లల్ని పదిమందిని సాయంత్రం ఐదున్నర దాకా ఉంచుకోండి. తలా 2,000 అంటే 20,000. ఒక టీచరుకు అదనంగా 4,000, ఒక ఆయమ్మకు 3,000, పాలు, బిస్కెట్లు, కరెంటుకు 3,000 పోగా 10,000 మిగులుతుంది. అన్నం డబ్బా ఇంటి నుంచే రానివ్వండి. పడుకోబెట్టడానికి పరుపులు, దుప్పట్లు, పిల్లల్ని ఎవరు తీసుకెళ్లారో సంతకంతో రాసే రిజిస్టరు ఉంటే చాలు. ఈ తల్లులకు మే నెలలోనూ పిల్లల్ని చూసేవారు కావాలి, కాబట్టి ఎండాకాలం కిరాయి కూడా కొంత ఇక్కడే వస్తుంది. ఈ 10,000 నెలనెలా పక్కన పెడితే ఏడాదిలో మిగతా మూడు నెలల ఎఫ్‌డీలు, మరో ఎనిమిది నెలల్లో ఇంటి 78,000 పూర్తవుతాయి. కాజీపేట సంగతి అప్పుడు మాట్లాడదాం. అది కూడా బ్యాంకు అప్పుతోనే.

మీ ఆయనకు టర్మ్ పాలసీ లేకపోతే తీసుకోండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. షేర్లు, ఎస్ఐపీల గురించి ఇప్పుడు ఆలోచించకండి.

జూన్‌లో కిరాయి అగ్రిమెంటు తిరిగి రాసుకునేటప్పుడు రెండు వాక్యాలు చేర్పించండి. ప్రభుత్వ ఉత్తర్వుతో బడి మూతపడితే ఆ నెలలకు సగం కిరాయి అని ఒకటి, రెండు నెలల నోటీసుతో అడ్వాన్సు పూర్తిగా వాపసు ఇచ్చి ఖాళీ చేయనివ్వాలని ఇంకొకటి. బడి నిండుగా నడుస్తున్నప్పుడే ఓనరు ఒప్పుకుంటారు. మూతపడ్డాక అడిగితే ఒప్పుకోరు. సగానికి సరే అంటే మీ మూత నెల ఖర్చు 37,000 నుంచి 28,000కు తగ్గుతుంది. అప్పుడు ఆరు నెలల నిధి దాదాపు ఎనిమిది నెలలు నడుస్తుంది.