నా సలహా: వైరు ఉన్న సైకిల్ కంప్యూటరే కొనండి

సైకిలుకు వేగం, దూరం చూపే చిన్న కంప్యూటర్ కొనాలనుకుంటున్నానని, వైరు ఉన్నది చౌకగా దొరుకుతున్నా వైర్‌లెస్‌ది చూడటానికి శుభ్రంగా ఉందని, రెండింటిలో ఏది మేలో వాడినవారు చెప్పాలని మీరు అడిగారు. నేను రెండు రకాలూ వాడాను. ఒకే సైకిలు, ఒకే జత చక్రాలు ఉన్నవారు వైరు ఉన్నదే కొనుక్కోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ధర తక్కువన్నది అందుకు కారణం కాదు. వైరుది పాడైతే పాడైనట్టు తెలుస్తుంది. వైర్‌లెస్‌ది పాడవకుండానే తప్పు లెక్క చూపగలదు.

వైర్‌లెస్ కంప్యూటర్ వాడుతున్న రోజుల్లో నేనూ ఒక మిత్రుడూ తెల్లవారకముందే సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లం. సూచనల పుస్తకంలో ఉన్నట్టే ముందు చక్రం స్పోకుకు అయస్కాంతాన్ని, ఫోర్కుకు సెన్సర్‌ను బిగించి, రెండింటి మధ్య ఎడం 5 మిల్లీమీటర్లు మించకుండా సరిచూసుకున్నాను. ఒకరోజు చీకట్లో, చదునైన రోడ్డు మీద మంచి ఊపులో తొక్కుతుండగా తెర మీది వేగం ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. ఆ తర్వాత ఎత్తు ఎక్కుతూ, ఊపిరి అందక నెమ్మదిగా తొక్కుతున్నప్పుడు గంటకు 80 కిలోమీటర్లు దాటిన అంకె కనిపించింది. ఆగి అయస్కాంతాన్ని కాస్త జరిపి చూశాం, సెన్సర్‌లోని బటన్ సెల్ తీసి కొత్తది వేశాం, అయినా అంకెల తీరు మారలేదు. వెలుతురు వచ్చాక నేను ముందు లైటు ఆర్పేశాను, అక్కడి నుంచి ఇల్లు చేరేవరకు ఒక్క తప్పు అంకె కూడా రాలేదు.

కొత్త సెల్ వేసినందువల్లే బాగుపడిందని మిత్రుడు తేల్చేశాడు గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రం ముందు చక్రాన్ని నేలకు తగలకుండా పైకెత్తి, చేత్తో తిప్పుతూ, హ్యాండిల్ మీది ఎల్ఈడీ లైటును వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి చూశాను. లైటు వెలిగిన ప్రతిసారీ అంకెలు తడబడ్డాయి, ఆర్పగానే కుదురుకున్నాయి. లైటును కంప్యూటర్ పక్క నుంచి హ్యాండిల్ అవతలి చివరకు జరిపితే తడబాటు చాలావరకు తగ్గింది. రాత్రిపూట దారి చూపే లైటుకు, వేగం చూపే యంత్రానికి ఒకే హ్యాండిల్ మీద పొత్తు కుదరకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

దీనికి కారణం ఆ యంత్రం పనిచేసే తీరులోనే ఉంది. సాదా రకం వైర్‌లెస్ సెన్సర్, అయస్కాంతం తనను దాటిన ప్రతిసారీ బలహీనమైన సంకేతాన్ని ఒకదాన్ని పైకి పంపుతుంది. అది అందేది సుమారు 60, 70 సెంటీమీటర్ల దూరం వరకే. ఆ సంకేతం తన సెన్సర్‌దా, మరెక్కడిదా అని కంప్యూటర్ అడగదు. ఎల్ఈడీ లైటులో కరెంటును క్రమబద్ధం చేసే సర్క్యూట్ సెకనుకు వేలసార్లు తెగుతూ కలుస్తూ ఉంటుంది కాబట్టి, దాని నుంచి వెలువడే విద్యుత్ రొద ఈ సంకేతంలో కలిసిపోగలదు. పక్కన వచ్చే సైకిలుకు అలాంటిదే మరో కంప్యూటర్ ఉన్నా ఇదే చిక్కు రావచ్చు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో రోడ్డు సైకిలు చక్రం సెకనుకు దాదాపు 4 చుట్లు తిరుగుతుంది. ఆ చుట్ల నడుమ ఒక దొంగ సంకేతం దూరితే, కంప్యూటర్ వేగం లెక్కగట్టడానికి చూసే రెండు సంకేతాల మధ్య వ్యవధి కుదించుకుపోయి వేగం ఆకాశానికి ఎగురుతుంది, ఒక సంకేతం తప్పిపోతే వేగం పడిపోతుంది. తెర మీది అంకె ఒక్కటే చెడితే సర్దుకోవచ్చు. ఆ ప్రయాణపు గరిష్ఠ వేగం, సగటు వేగం, మొత్తం దూరం కూడా చెడిపోతాయి, వాటిని మళ్లీ సరిచేయడానికి దారి లేదు.

ఏఎన్‌టీ ప్లస్, బ్లూటూత్ పద్ధతుల్లో పనిచేసే డిజిటల్ సెన్సర్లకు ఈ లోపం ఆపాదించడం న్యాయం కాదు. అవి 2.4 గిగాహెర్ట్జ్‌లో తమ గుర్తింపు సంఖ్యతో సహా సమాచారం పంపుతాయి కనుక కంప్యూటర్ పొరుగువాడి సెన్సర్‌ను తనదనుకోదు. నా ఫిర్యాదు అమ్మేవారి మీద. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వైర్‌లెస్ అని మాత్రమే వేసి, అది ఏ రకమో చిన్న అక్షరాలతోనైనా చెప్పని సరుకు చాలా ఉంది, కొనేవారు రెండూ ఒకటేననుకుంటారు.

వైరు ఉన్నదానికీ జబ్బులు లేకపోలేదు. హ్యాండిల్ తిరిగేచోట వైరు బిగుసుకుపోయి తెగవచ్చు, కంప్యూటర్ కూర్చునే బ్రాకెట్‌లోని లోహపు మొనలకు తడి తగిలి చిలుము పట్టవచ్చు. అయితే ఆ జబ్బును అక్కడికక్కడే కనిపెట్టవచ్చు. కంప్యూటర్‌ను బ్రాకెట్ నుంచి తీసి, వెనకనున్న రెండు మొనలను ఏదైనా లోహపు ముక్కతో పలుమార్లు తాకించి తీస్తే తెర మీద వేగం కనిపించాలి. కనిపిస్తే కంప్యూటర్ బాగున్నట్టే, లోపం వైరులోనో బ్రాకెట్‌లోనో సెన్సర్‌లోనో ఉన్నట్టు. ఆ సెన్సర్‌లో ఉండేది అయస్కాంతం దగ్గరికి రాగానే కలుసుకునే చిన్న రీడ్ స్విచ్ మాత్రమే, దానికి ప్లస్ మైనస్ తేడా కూడా లేదు. కాబట్టి తెగిన రెండు పోగులను ఎటుదాన్ని ఎటు కలిపి, విడివిడిగా టేపు చుట్టినా మళ్లీ పనిచేస్తుంది. సెన్సర్‌కు వేరే సెల్ అక్కరలేదన్నది మరో సుఖం. వైరును బ్రేకు కేబుల్‌కు చుట్టుకుంటూ తెచ్చి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, ఆ మేరకు వదులు ఉంచి కట్టుకుంటే వైరు కంటికి ఆనదు, బిగుసుకుపోనూ పోదు.

ఏ రకం కంప్యూటరైనా చక్రం చుట్లను లెక్కపెట్టి, మనం అందులో వేసిన చుట్టుకొలతతో హెచ్చవేసే దూరం చూపుతుంది. వైరా వైర్‌లెస్సా అని వాదించుకునేవారిలో చాలామంది ఆ చుట్టుకొలతను మాత్రం పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 700×25 సైజు టైరుకు (25 అన్నది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) పట్టికల్లో 2105 మిల్లీమీటర్లు, 700×28కు 2136 అని ఉంటుంది; టైరు మార్చి అంకె మార్చకపోతే ప్రతి వంద కిలోమీటర్లకు దాదాపు కిలోమీటరున్నర తేడా వస్తుంది. టైరులో ఎప్పుడూ కొట్టే గాలే కొట్టి, సీటు మీద కూర్చుని, నేల మీద గీత గీసి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగిన దూరాన్ని టేపుతో కొలిచి ఆ అంకె వేసుకోవడం అన్నిటికన్నా ఉత్తమం.

మీకు రెండు సైకిళ్లు ఉన్నా, మడతపెట్టే సైకిలు వాడుతున్నా నా సలహా మారుతుంది. మడత దగ్గర వైరు నలుగుతుంది గనుక అప్పుడు డిజిటల్ వైర్‌లెస్ తీసుకోండి. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిలును ఒకేచోట నిలిపి ఉంచే స్టాండు మీద తొక్కేవారు మాత్రం వెనక చక్రానికి బిగించే సెన్సర్ ఉన్నదాన్ని అడిగి తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ ముందు చక్రం కదలదు.