వంటింటి టబ్బులో వానపాములు ఎందుకు పెరగడం లేదు?

ఫ్లాట్‌లో వంటింటి పక్కన టబ్బు పెట్టి వానపాములు వేశాననీ, రోజూ తొక్కలు వేస్తూ నెలనెలా ఎరువు తీస్తున్నా అవి పెరగడం లేదనీ, పైగా వాసన వస్తోందనీ రాశారు.

ముందు వాసన సంగతి. మేత ఎక్కువైంది, అంతే. వానపాముకు పళ్లుండవు, తొక్కలు కుళ్లి మెత్తబడ్డాక, వాటి మీద చేరిన సూక్ష్మజీవులతో కలిపి తింటుంది. పచ్చి బీరకాయ తొక్క దానికి ఇంకా ఉడకని అన్నం. వేసింది సగానికి పైగా మాయమయ్యాకే మళ్లీ వేయండి, వేసిన ప్రతిసారీ పైన తడిపిన అట్టముక్కలు కప్పండి. చింతపండు పిప్పి, ఊరగాయ, నూనె తగిలిన కూర అసలు వద్దు.

ఇక సంఖ్య. మీ పిల్లపాములు ఎరువుతో పాటు పూలకుండీల్లోకి వెళ్లిపోతున్నాయని నా అనుమానం. వానపాము గుడ్లు ఒక చిన్న కోశంలో ఉంటాయి. తీసిన ఎరువును గుప్పెడు తెల్లకాగితం మీద పరిచి చూడండి. నిమ్మకాయ ఆకారంలో, బియ్యపుగింజ కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో కనిపిస్తాయి. పొదిగే వేళకు ఎర్రబడతాయి. చాలామంది వాటిని ఏవో విత్తనాలనుకుంటారు. ఎరువు తయారీకి ఎక్కువగా వాడే ఎర్ర వానపాము ఐసీనియా ఫెటిడా కోశం పొదగడానికి సుమారు 3 వారాలు పడుతుంది, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు దారప్పోగుల్లా బయటికి వస్తాయి.

నేను చేసేది ఇది. ఎరువును దీపం కింద కుప్పగా పోస్తే వెలుతురుకు పెద్దవి అడుక్కి దిగిపోతాయి. పైపొర తీసి వేరే బేసిన్‌లో పోసి, తడి ఆరనివ్వకుండా నెల రోజులు ఉంచుతాను. మధ్యలో బాగా మగ్గిన అరటితొక్క ఒకటి పెడతాను. పుట్టిన పిల్లలన్నీ దాని కిందికి చేరతాయి. తొక్కతో సహా ఎత్తి టబ్బులో వేయడమే.

టబ్బు లోతు అడుగు మించనక్కర్లేదు, వెడల్పు ముఖ్యం. నానబెట్టి పిండిన కొబ్బరి పీచు పొడి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పరవండి. పచ్చిపేడ వేడెక్కి చంపేస్తుంది. పిడికిట పట్టి పిండితే చుక్కో రెండో రావాలి, ధార కాదు. ప్రతి వానపాములోనూ ఆడా మగా రెండు అవయవాలూ ఉన్నా జతకట్టక తప్పదు, కాబట్టి కొద్దిపాటి వాటిని పెద్ద టబ్బులో చెదరగొట్టకండి.

ఏ రకం తెచ్చారో రాయలేదు. పెరట్లో తవ్వి తెచ్చిన మట్టి వానపాములైతే టబ్బులో నిలవవు. ఐసీనియాకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి. మా విజయవాడ ఎండలకు యూడ్రిలస్ యూజీనియే అనే ఆఫ్రికా రకం వానపాము నయం, కానీ చలికి అది ఓర్చుకోలేదు. ఏదైనా సరే, మే నెలలో టబ్బును ఇంట్లో చల్లటి మూలకు, నేల మీదికి మార్చండి. చీమలు పట్టాయంటే లోపల తడి తగ్గిందనే అర్థం. నీళ్లు చల్లి, టబ్బును నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుకల మీద నిలబెట్టండి.