ఘర్షణ: ఏది దేని మీద జారుతోందో ముందు చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది: ఘర్షణ కదలికను అడ్డుకుంటుందని పుస్తకంలో ఉంది, ఘర్షణ లేకపోతే నడవలేమని కూడా అదే పుస్తకంలో ఉంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? ఇంట్లోనూ బండిలోనూ దాన్ని ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ కాపాడుకోవాలి?

చిక్కంతా మొదటి వాక్యంలోనే ఉంది. ఘర్షణ అడ్డుకునేది ఆనుకుని ఉన్న రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారడాన్ని. నడిచేటప్పుడు మన కాలు నేలను వెనక్కి నెడుతుంది. నేల మరీ నున్నగా ఉంటే అరికాలు వెనక్కి జారిపోయేది. ఆ జారుడును ఆపడానికి నేల కాలిని ముందుకు నెడుతుంది, మనం ముందుకు వెళ్తాం. బస్సు కదలగానే దాని నేల మీద పెట్టిన పెట్టె కూడా బస్సుతో పాటు ముందుకు వెళ్లేది ఘర్షణ వల్లే. కాబట్టి ఏ సందర్భమైనా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఏది దేని మీద జారుతోంది, లేదా జారబోతోంది? దిశ దానంతట అదే తేలిపోతుంది. మందు కూడా అక్కడే దొరుకుతుంది.

గరుకు తలాల మీది గతుకులు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడమే ఘర్షణ అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. అద్దంలా మెరిసే లోహపు తలం కూడా సూక్ష్మంగా చూస్తే గుట్టలూ లోయలే. రెండు తలాలు ఆనినప్పుడు ఎత్తైన గుట్టల కొనలు మాత్రమే తగులుతాయి. నిజంగా తాకే వైశాల్యం కంటికి కనిపించే దానిలో చాలా చిన్న భాగం. 20వ శతాబ్దం మధ్యలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని వివరంగా తేల్చారు. ఆ కొనల దగ్గర ఒత్తిడి ఎంత ఎక్కువంటే, అక్కడ పదార్థం నలిగి ఎదుటి తలానికి అతుక్కుంటుంది. ఆ అతుకులను తెంపడానికి కావలసిన బలమే ఘర్షణలో పెద్ద వాటా. బరువు పెంచితే కొనలు ఇంకా నలిగి, తాకే చోటు పెరుగుతుంది, ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది. ఇటుకను వెడల్పుగా పరిచినా, అంచు మీద నిలబెట్టినా లాగడానికి పట్టే బలం దాదాపు ఒకటే కావడానికి కారణం ఇదే. బరువు అంతే గనుక నిజంగా తాకే చోటూ అంతే. ఘర్షణ బరువును బట్టే గానీ కనిపించే వైశాల్యాన్ని బట్టి కాదనే సూత్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంటన్స్ 1699లోనే చెప్పాడు, కూలుంబ్ 1785లో మరింత పదును పెట్టాడు. నున్నగా చేసేకొద్దీ ఘర్షణ తగ్గుతూనే పోతుందనే నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. బాగా శుభ్రం చేసిన, అతి నున్నని ఉక్కు కొలత దిమ్మెలు రెండింటిని ఒకదాని మీద ఒకటి నొక్కి తిప్పితే, చేత్తో విడదీయడమే కష్టమయ్యేంతగా పట్టుకుంటాయి.

ఘర్షణ బలాన్ని, తలాలను ఒకదానికొకటి నొక్కే బలంతో భాగిస్తే వచ్చే అంకెను ఘర్షణ గుణకం అంటారు. ఆ గుణకాన్ని ఇంట్లోనే కొలవవచ్చు, ఒకసారి కొలిస్తే విషయం మనసుకు పట్టేస్తుంది. మీటరు పొడవున్న పలక తీసుకుని దాని మీద వస్తువును పెట్టండి. ఒక చివరను నెమ్మదిగా లేపుతూ, వస్తువు జారడం మొదలయ్యే చోట ఆపండి. లేచిన ఎత్తును, నేల మీద కొలిచిన అడ్డ దూరంతో భాగించండి. 30 సెంటీమీటర్ల ఎత్తులో జారితే అడ్డ దూరం సుమారు 95 సెంటీమీటర్లు ఉంటుంది, గుణకం 0.31. ఇది స్థైతిక ఘర్షణ గుణకం, అంటే కదలకముందు ఉండే పట్టు. ఇప్పుడు పలకను కొంచెం దించి, వస్తువును వేలితో మెల్లగా తట్టండి. వేగం పెరగకుండా, ఆగకుండా ఒకే తీరున జారే వాలు దొరికితే అది జారుడు ఘర్షణ గుణకం. ఇది సాధారణంగా మొదటిదానికంటే కాస్త తక్కువే వస్తుంది. దుమ్మూ, వేలి జిడ్డూ లెక్కను మార్చేస్తాయి కాబట్టి, తుడిచి కనీసం అయిదుసార్లు చేసి సగటు తీయండి.

బరువైన బీరువాను జరిపేటప్పుడు మొదటి తోపే కష్టమని అందరికీ తెలుసు. 80 కిలోల బీరువా, గుణకం 0.4 అనుకుంటే, కదిలించడానికి 32 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. కాళ్ల కింద మడిచిన దుప్పటో, ఫెల్ట్ ముక్కలో దూర్చితే గుణకం 0.2 దాకా దిగవచ్చు, అప్పుడు 16 కిలోల బలం చాలు. అయితే జనం ఎక్కువగా పొరపడేది తోసే ఎత్తు దగ్గర. పైన పట్టి తోస్తే బీరువా జారడానికి బదులు పడిపోతుంది. ఎంత ఎత్తు వరకు తోయవచ్చో లెక్క సులువే: తోసే దిశలో అడుగు వెడల్పును, గుణకానికి రెట్టింపుతో భాగించాలి. అడుగు 50 సెంటీమీటర్లు, గుణకం 0.4 అయితే 62 సెంటీమీటర్లకు పైన చెయ్యి వేయకూడదు. బరువు అడుగున, అంతటా సమంగా ఉంటేనే ఈ లెక్క, పై అరల్లో బరువుంటే మొదటి కుదుపుకే ఊగిపోతుంది గనుక ముందు వాటిని ఖాళీ చేయండి. ఒకసారి కదిలాక మధ్యలో ఆపకండి. ఆపితే మళ్లీ స్థైతిక ఘర్షణనే గెలవాలి.

తలుపు కిర్రుమనడం, సుద్దముక్క పలక మీద కీచుమనడం, వయొలిన్ పలకడం, ఈ మూడూ ఒకటే పని. స్థైతిక ఘర్షణ ఎక్కువ, జారుడు ఘర్షణ తక్కువ కాబట్టి తలాలు పట్టుకుంటాయి, ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా జారతాయి, మళ్లీ పట్టుకుంటాయి. సెకనుకు వందలసార్లు ఇలా జరిగితే చెవికి ధ్వనిగా వినిపిస్తుంది. వయొలిన్ కమానుకు రాళం రాసేది ఆ పట్టును పెంచడానికి. తలుపు బందుకు నూనె వేసేది తగ్గించడానికి.

ఇక కందెన. ఇక్కడ జరిగే నష్టంలో ఎక్కువ భాగం తప్పు కందెన వల్లే. తుప్పు వదిలించే పల్చటి స్ప్రేని అన్నిటికీ కొట్టడం మొదటి తప్పు. ఆ స్ప్రేలో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం. అది బిగుసుకున్న దాన్ని వదిలిస్తుంది, తడిని తరిమేస్తుంది, అంతవరకే. పైగా బేరింగ్ లోపల ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. తలుపు బందు అయితే మధ్య కడ్డీని పైకి లాగి, నల్లటి మడ్డిని గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాసి తిరిగి దించండి. వంట నూనె వద్దు, గాలి తగిలి కొన్నాళ్లకు జిగురవుతుంది, దుమ్ము పట్టి మొదటికంటే గట్టిగా పట్టేస్తుంది. తాళానికి నూనె కంటే గ్రాఫైట్ పొడి మేలు, నూనె లోపలి చిన్న పిన్నుల మధ్య దుమ్మును ముద్ద చేస్తుంది. పొడి దొరకకపోతే మెత్తటి పెన్సిల్ మొనను తాళంచెవి పళ్లకు రుద్ది పది పన్నెండుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. చెక్క సొరుగు పట్టేస్తుంటే, జారే అంచులకు కొవ్వొత్తి రుద్దండి. చెక్కకు నూనె రాస్తే పీల్చేసుకుంటుంది. రబ్బరు తగిలే చోట మామూలు ఆయిల్ వద్దు, చాలా రకాల రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. అక్కడ సిలికాన్ గ్రీజు వాడాలి.

సైకిల్ చైన్ విషయంలో నూనె ఎక్కువైతే మంచిదనుకుంటారు. నిజానికి నూనె కావలసింది రోలర్ల లోపల, బయట కాదు. ముందు గుడ్డతో చైన్‌ను పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ మడ్డి వదిలేదాకా తుడవండి. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క చొప్పున వేసి, కొన్ని నిమిషాలు పెడల్ తిప్పి, బయట మిగిలినదంతా పొడిగా తుడిచేయండి. బయట మిగిలిన నూనె ఇసుకను పట్టుకుంటుంది. ఇసుక కలిసిన నూనె సానరాయి ముద్దలాంటిది, చైన్‌నూ పళ్ల చక్రాన్నీ కలిపి అరగదీస్తుంది. బేరింగ్‌లోనూ అంతే. లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజు నింపితే చాలు. కూరి కూరి పెడితే గుండ్లు గ్రీజును చిలుకుతూ తిరిగి వేడెక్కుతాయి, గ్రీజు పల్చబడి సీలు దాటి కారిపోతుంది.

నట్టు బోల్టుల సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. స్పానర్ మీద మనం వేసే బలంలో సుమారు సగం బోల్టు తల కింద ఘర్షణకే పోతుంది, మరో 40 శాతం మరల (బోల్టు మీది చుట్ల) మధ్య ఘర్షణకు పోతుంది. బోల్టును సాగదీసి బిగువు తెచ్చేది మిగిలిన 10 శాతమే. అందుకే మరలకు నూనె రాసి, పొడి మరలకు చెప్పిన అదే టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తే బిగువు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ అవుతుంది. బోల్టు సాగుతుంది, లేదా తెగుతుంది. తుప్పు పట్టిన మరలైతే దీనికి తలకిందులు: టార్క్ కొలిచే రెంచి లెక్క చూపిస్తుంది గానీ లోపల బిగువు ఉండదు. బండి చక్రాల నట్లను తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, తయారీదారు పుస్తకం నూనె రాయమంటే తప్ప పొడిగానే బిగించండి.

బ్రేకుల దగ్గర ఘర్షణ రెండు చోట్ల ఉంటుంది: ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఒకటి, టైరుకూ రోడ్డుకూ మధ్య ఒకటి. బండిని ఆపేది రెండోదే. మొదటిది ఎంత బలంగా ఉన్నా రోడ్డు ఇచ్చే పట్టును మించి ఆపలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, గుణకం 0.7 ఉండే పొడి రోడ్డు మీద, బ్రేకు పట్టిన క్షణం నుంచి సుమారు 20 మీటర్లకు బండి ఆగుతుంది. తడి రోడ్డు మీద గుణకం 0.4కు దిగితే అదే 35 మీటర్లు దాటుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద 5 మీటర్లే. వేగం సగమైతే దూరం నాలుగో వంతు అవుతుంది, ఎందుకంటే లెక్కలో వేగం వర్గం ఉంది. మనిషి చూసి కాలు కదిపేలోపు బండి వెళ్లే దూరం దీనికి అదనం. ఈ లెక్కలో బండి బరువు లేదు చూడండి: బరువు పెరిగితే ఆపాల్సిన శక్తితో పాటు పట్టు కూడా పెరుగుతుంది. అయితే బరువు బండిలో బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి, అది వేరే కథ.

చక్రం పూర్తిగా బిగుసుకుని జారితే రెండు నష్టాలు. పట్టు స్థైతిక స్థాయి నుంచి జారుడు స్థాయికి పడిపోతుంది. అంతకన్నా ప్రమాదం, స్టీరింగు తిప్పినా బండి తిరగదు, ఎందుకంటే జారే టైరుకు దిశ లేదు. ఏబీఎస్ చేసేది చక్రం బిగుసుకోబోయే క్షణంలో ఒత్తిడి వదిలి మళ్లీ పట్టడమే. ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు పెడల్ కాలి కింద గజగజలాడుతుంది, భయపడి కాలు తీయకండి, గట్టిగా తొక్కి ఉంచి స్టీరింగుతో తప్పించండి.

టైరు మీది గాడులు పట్టు పెంచడానికే అనే అపోహ ఉంది. పొడి రోడ్డు మీద గాడులు లేని టైరే బాగా పట్టుకుంటుంది, పందెం కార్లు వాడేది అలాంటివే. గాడుల పని నీళ్లను బయటికి తోసేయడం. లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే మార్చేయాలని చాలా దేశాల్లో చట్టం. నా మాట అడిగితే, వానాకాలానికి ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చండి. నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే టైరు నీటి పొర మీదికి ఎక్కి తేలుతుంది, అప్పుడు రబ్బరు రోడ్డును తాకదు గనుక ఘర్షణ దాదాపు సున్నా. అలా జరిగితే బ్రేకు తొక్కకండి, స్టీరింగు మెలి తిప్పకండి. యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, టైరు మళ్లీ నేలను పట్టేదాకా స్టీరింగును తిన్నగా ఉంచండి. చాలాసేపు వాన లేకుండా ఉండి, మొదటి జల్లు పడ్డ తొలి నిమిషాలు ఇంకా జాగ్రత్త. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి తడిసి సబ్బులా తయారవుతాయి.

చివరగా వేడి. 1200 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే బ్రేకుల్లో సుమారు 1,67,000 జౌళ్ల వేడి పుడుతుంది, అర లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తెచ్చేంత. కొండ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే ఈ వేడి పోగవుతూ పోతుంది. ప్యాడ్ పదార్థం వేడెక్కి పట్టు పోతుంది, బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ అడుగుకంటా పోతుంది. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగవచ్చు, రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. కొండ ఎక్కడానికి వాడిన గేరులోనే దిగండి. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా బ్రేకు పట్టి తగ్గించి వదిలేయండి, సన్నగా పట్టి ఉంచకండి. కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా పక్కకు ఆపి అరగంట ఆరనివ్వండి. తొందరపడి నీళ్లు పోయకండి, ఎర్రగా వేడెక్కిన డిస్కు వంకర పోవచ్చు, పగలనూ వచ్చు.