కళ్లజోడు ముక్కు మీదికి వచ్చేదాకా

అమ్మలూ,

జూలై 1 నుంచి మీ ఊరి లయన్స్ క్లబ్‌కి నువ్వే ప్రెసిడెంటువని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. ఒహాయోలో మీ కొలంబస్ చుట్టుపక్కల ఉన్న భూటానీ నేపాలీ కుటుంబాలకీ, సోమాలీ కుటుంబాలకీ ఈ ఏడాది ఏదైనా గట్టిగా చెయ్యాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో బాబాయి చెప్పాలి అన్నావట. అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉత్తరం, తీరిగ్గా చదువు.

మొట్టమొదటి మాట, ఒక్క పనే పట్టుకో. క్లబ్బుల్లో మామూలుగా జరిగేది నీకు తెలుసు. అక్టోబర్‌లో చలికోట్లు, థాంక్స్‌గివింగ్‌కి సరుకుల బుట్టలు, క్రిస్మస్‌కి బొమ్మలు, ప్రతిదానికీ ఒక ఫోటో, మళ్లీ వచ్చే ఏడాదిదాకా ఆ ఇంటి గడప తొక్కం. అవి చెడ్డ పనులని నేను అనను, ఒహాయో చలిలో పిల్లాడికి కోటు కావాలి. కానీ కోటు తీసుకున్న వాళ్ల పేరు మనకి గుర్తుండదు, మన పేరు వాళ్లకి తెలియదు. వలస వచ్చినవాళ్లకి ఇక్కడ లేనిది సరుకు ఒక్కటే కాదు, ఏదైనా అవసరం పడితే ఫోన్ చెయ్యగలిగిన మనిషి కూడా లేడు. ఆ మనిషివి నువ్వు కావాలంటే ఒకే పని మీద మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

నన్నడిగితే స్కూలు ఈడు రాని పిల్లల కంటి పరీక్ష పెట్టుకో. లయన్స్‌కి ఇది సొంత పని. 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి అంధుల కోసం నిలబడమని లయన్స్‌ని అడిగింది మన ఒహాయోలోనే, లేక్ ఈరీ ఒడ్డున సీడర్ పాయింట్‌లో జరిగిన మహాసభలో. కాబట్టి మీ పాత సభ్యులెవరూ 'ఇది మన పని కాదు' అనరు. పైగా స్కూల్లో చేరిన పిల్లల్ని ఎలాగో స్కూలు నర్సు చూస్తుంది. అమ్మానాన్నలు వేర్‌హౌస్ షిఫ్టులకి పోతే ఇంట్లో అమ్మమ్మ దగ్గర పెరిగే మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల్ని ఎవరూ చూడరు. ఒక కన్ను మందగించి ఉంటే (లేజీ ఐ అంటారు చూడు) పిల్ల చెప్పలేదు, ఎందుకంటే తనకి పుట్టినప్పటి నుంచీ లోకం అలాగే కనిపిస్తోంది. ఏడేళ్లలోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం.

పరీక్ష మటుకు సులువే. లయన్స్ డిస్ట్రిక్టుల్లో చాలాచోట్ల చేతిలో పట్టుకునే కెమెరా ఉంటుంది, మీ డిస్ట్రిక్ట్‌ని అడుగు. గదిలో లైట్లు తగ్గించి, పిల్లని అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, మూడడుగుల దూరం నుంచి చూపిస్తే అందులో మెరిసే రంగు లైట్లకీ, వచ్చే చప్పుడుకీ పిల్ల అటు చూస్తుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. డాక్టర్‌కి చూపించాలో అక్కర్లేదో ఆ కెమెరాయే చెబుతుంది. అంతకుమించి అది చెప్పదు, మనమూ చెప్పకూడదు.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. 'డాక్టర్‌కి చూపించండి' అని రాసిన కాగితం చేతిలో పెట్టి పంపేస్తాం. ఆ కాగితం ఏమవుతుందో నేనొక ఇంట్లో చూశాను. ఒక నేపాలీ తల్లి దాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇమ్మిగ్రేషన్ కాగితాలతో పాటు బీరువాలో దాచింది. పిల్లకి పరీక్షలో ఏదో సర్టిఫికెట్ వచ్చిందనుకుంది. ఆవిడ తప్పేముంది, ప్రతి కాగితాన్నీ పదిలంగా దాచుకోవాలని శరణార్థి క్యాంపు రోజుల నుంచీ నేర్చుకున్న మనిషి. మొదటి పరీక్షకీ కళ్లజోడుకీ మధ్య డాక్టర్ అపాయింట్‌మెంటు, అక్కడికి వెళ్లడానికి కారు, షిఫ్టు నుంచి సెలవు, మాట చెప్పేవాళ్లు, డబ్బు, ఇన్నీ ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కటి తెగినా పరీక్ష చేసినా చెయ్యనట్టే. అందుకని క్లబ్బు రిపోర్టులో ఎంతమందికి పరీక్ష చేశామన్నది రాయడం కంటే ఎంతమంది ముక్కు మీదికి కళ్లజోడు వచ్చిందో రాయి. మొదటి ఏడాది తక్కువమందికే చెయ్యి, పరవాలేదు, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క సభ్యుణ్ణి అప్పజెప్పు, ఆ పిల్ల కళ్లజోడు పెట్టుకునేదాకా ఆ కుటుంబం వాళ్ల బాధ్యత. రైడ్ ఇవ్వడానికి వెళ్లిన మీ రిటైరైన సభ్యులే, రెండో ట్రిప్పుకల్లా ఆ ఇంట్లో టీ తాగి వస్తారు. 'ముందు మన ఊరివాళ్లకి చెయ్యొచ్చుగా' అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించకు, కారు తాళాలు ఇచ్చి పంపు.

ఫారం గురించి గట్టిగా చెబుతున్నాను. పిల్ల పేరు, వయసు, ఒక ఫోన్ నంబరు, తల్లి లేక తండ్రి సంతకం చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు, ఏ దేశం, ఏ వీసా, ఇలాంటి గడి ఒక్కటి కనిపించినా జనం వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. 2019లో పబ్లిక్ ఛార్జ్ రూలు (ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవాళ్లకి గ్రీన్‌కార్డు ఇవ్వకపోవచ్చనే రూలు) మార్చినప్పుడు, సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డు పోతుందేమోనని హక్కుగా వచ్చేవి కూడా వదులుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రూలు తర్వాత తీసేశారు గానీ భయం పోలేదు, ఈ మధ్య మరీ ఎక్కువైంది. ఫేస్‌బుక్‌లో పిల్లల మొహాలు పెట్టకు. ఫోటో కావాలంటే కెమెరా పట్టుకున్న మీ సభ్యుల్ని తియ్యి. పిల్లని తీసుకొచ్చేది అమ్మమ్మే అయితే సంతకం ఎలా అనేది ముందే చూసుకో, ఫారం నేపాలీలో, సోమాలీలో వేయించి వారం ముందే ఇళ్లకి పంపు.

భాష సంగతి. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లాడికి ఇంగ్లిష్ వచ్చు కదా అని వాడి చేత చెప్పించకండి, చెల్లెలి కంట్లో లోపముందన్న వార్త తల్లికి వాడు చెప్పాల్సిన పని లేదు. భూటాన్ నుంచి 1990ల్లో వెళ్లగొడితే తూర్పు నేపాల్లో ఝాపా, మోరంగ్ క్యాంపుల్లో దాదాపు ఇరవై ఏళ్లు గడిపిన జనం ఈ భూటానీ నేపాలీలు. 2008 ప్రాంతంలో మొదలై లక్ష మందికి పైగా వేరే దేశాలకి వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే వచ్చారు, వేరే రాష్ట్రాల్లో దిగినవాళ్లు కూడా బంధువుల కోసం, పనుల కోసం కొలంబస్‌కి చేరారు. పెద్దవాళ్లలో చాలామందికి హిందీ అర్థమవుతుంది. నీ హైదరాబాద్ హిందీ అక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది, మొహమాటపడకుండా మాట్లాడు. సోమాలీకి మాత్రం వాళ్లలోంచే ఒక మనిషి కావాలి. మిన్నియాపోలిస్ తర్వాత దేశంలో సోమాలీలు ఎక్కువున్న ఊరు కొలంబస్సే, కాబట్టి మనిషి దొరక్కపోవడమనేది ఉండదు, వెతకాలంతే. మసీదుకి వెళ్లి పెద్దవాళ్లని కలిసి, ఏ రోజు ఏ వేళ బావుంటుందో వాళ్లనే అడిగి పెట్టుకో. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. రంజాన్ నెలలో పగలు తిండి పంచే కార్యక్రమం అసలే వద్దు.

తిండి మాటొచ్చింది కాబట్టి, మీ క్లబ్బు పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌లో పంది సాసేజ్ ఉంటుంది, స్పెగెటీ డిన్నర్లో బీఫ్ ఉంటుంది. సోమాలీలు మొదటిది ముట్టరు, నేపాలీల్లో చాలామంది రెండోది ముట్టరు. పిలిచి, తినలేనిది ముందు పెట్టడం కంటే అన్నం, పప్పు, పళ్లు, టీ పెట్టు, అందరికీ సరిపోతుంది. సరుకుల బుట్టల్లోనూ డబ్బా సూపులకి బదులు బియ్యం, కందిపప్పు, నూనె, పిల్లల డయాపర్లు పెట్టండి.

ఇళ్లకి రాకపోకలు మొదలయ్యాక ముసలివాళ్లు ఇంకోటి అడుగుతారు, సిటిజన్‌షిప్. 55 దాటి గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లున్నా, 50 దాటి 20 ఏళ్లున్నా ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదు, ప్రభుత్వం గురించి అడిగే ప్రశ్నలకి దుబాసీని పెట్టుకుని సొంత భాషలో జవాబు చెప్పొచ్చు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకి 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 చెప్పాలి. ఆ ప్రశ్నలు కూర్చుని వల్లె వేయించడం మీరు చెయ్యొచ్చు, అంతకంటే మంచి సాయంత్రం ఇంకోటి ఉండదు. ఫారాలు నింపడం మాత్రం ముట్టుకోవద్దు, అది లాయర్లూ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతినిధులూ చెయ్యాల్సిన పని. తెలిసీ తెలియని సలహా ఒక కుటుంబాన్ని ముంచుతుంది.

డబ్బు లెక్క నీకు ట్రెజరర్ చెబుతాడు గానీ నువ్వూ గుర్తుపెట్టుకో. జనం దగ్గర వసూలు చేసిన ప్రతి డాలరూ జనానికే వెళ్లాలి, మీటింగు ఖర్చులు సభ్యుల చందాల్లోంచి మాత్రమే, రెండు ఖాతాలూ ఎప్పుడూ కలపకూడదు. కళ్లజోళ్లకి ఒక స్థానిక కంటి డాక్టర్‌తో ముందే ధర మాట్లాడుకో. జనం లయన్స్ డబ్బాల్లో వేసే పాత కళ్లజోళ్లు ఈ పిల్లలకి పనికిరావు, అవి కొలిచి, విడదీసి వేరే దేశాలకి పంపేవి, ఈ పిల్లకి తన పవరుతో కొత్తవే కావాలి.

మనవాళ్ల సంగతి కూడా రాయాలి. కొలంబస్ పక్కనే డబ్లిన్‌లో, పవెల్‌లో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి, చెక్కు అడిగితే వెంటనే రాస్తారు, శనివారం పొద్దున్న రెండు గంటలు అడిగితే వెనకాడతారు. నువ్వు చెక్కు అడక్కు, రెండు గంటలే అడుగు. ఊరి నుంచి వచ్చి ఆర్నెల్లు ఇంట్లో ఒంటరిగా కూర్చునే అత్తయ్యల్నీ మామయ్యల్నీ కూడా రమ్మను, నేపాలీ అమ్మమ్మలతో వాళ్లకి ఇట్టే కలిసిపోతుంది. ఈ ఏడాది సాయం తీసుకున్న ఇంట్లోంచి ఒకరైనా వచ్చే ఏడాది మీ క్లబ్బులో సభ్యులుగా కూర్చోవాలి. పని ఏం చెయ్యాలో అప్పుడు వాళ్లే చెబుతారు, ఊహించుకునే బాధ మీకు తప్పుతుంది. చందా భారమైతే మొదటి ఏడాది ఎవరో ఒకరు కట్టండి.

జూలైలోనే చెయ్యాల్సినవి ఇవి. పిల్లలతో పనిచేసే సభ్యులందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్, అది వచ్చేసరికి టైం పడుతుంది. హాలు ఇచ్చేవాళ్లు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, లయన్స్ ఇంటర్నేషనల్ నుంచి తెప్పించుకో. ఏదైనా నేపాలీ కిరాణా కొట్టులో క్యాష్ కౌంటర్ దగ్గర కాగితం అంటించు, అంతకంటే ముందు ఆ కొట్టాయనతో కాసేపు మాట్లాడు. మొదటి శనివారం డేట్ అనుకోగానే నాకు చెప్పు, నేనూ పిన్నీ వస్తాం. కెమెరా కుర్రాళ్ల చేతికిచ్చెయ్, తర్వాత ఇళ్లకి ఫోన్లు చేసే లిస్టు మాత్రం నాకివ్వు.

ఆశీస్సులతో,
బాబాయి